నూట యాభై, సరి!

సోమవారం ఉదయం

నా చిట్టితల్లికి,

నీ పదో ఏట నువ్వు కళ్ళతో చూసింది నిజమా, మీ నాన్న నోటితో అరిచింది నిజమా? జవాబు నువ్వు రాయనక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా ఏమీ మాట్లాడకుండానే చెబుతూ వచ్చావు. ఈసారి నేను చెబుతాను.

నీ కార్డు అందింది. రెండే వాక్యాలు. "నాన్నా, వచ్చే ఆదివారం పందెంలో మావాడి బండి మీరు తూచకండి. తూకం బల్ల దగ్గర మీరుంటే వాణ్ణి తీసుకురాను." మీ అమ్మ చదివి, "ఇదెక్కడి చోద్యం! మనవడి మొదటి బండి తాత తూచకపోతే ఎవరు తూస్తారు? ఫోన్ చేసి కనుక్కోండి" అంది. ఫోన్‌లో నా గొంతు పెద్దదవుతుందమ్మా. రెండు మాటలు కాగానే ప్రసంగం మొదలవుతుంది. నలభై ఏళ్ళు మైకు ముందు అరిచిన నోరు ఇది. కాగితం మీదైతే నోరు మూసుకుని రాయాలి. అందుకే రాస్తున్నాను.

ప్రార్థన మందిరం వెనక హాల్లో ఏటేటా పిల్లల బొమ్మ బండ్లకి జరిగే ఆ పందెం నియమాలు రాసింది నేనే. ఏ ఇంటివాళ్ళయినా రావచ్చు. అందరికీ ఒకే కొలత చెక్క దిమ్మ, నాలుగు చక్రాలు, ఇరుసులకి నాలుగు మేకులు. చెక్కాల్సింది పిల్లలు. పెద్దవాళ్ళ సాయం రంపం పట్టుకునే వరకే. బండి నూట యాభై గ్రాములు దాటకూడదు, ఎందుకంటే వాలు పలక మీద బరువైన బండే ముందు దిగుతుంది. దొంగ తూకం దేవుడికి అసహ్యమని ఆ నియమం పక్కనే ఎర్ర సిరాతో రాసి గోడకి అంటించాను.

ఆ ఏడు నువ్వు పదిహేను రోజులు చెక్కావు. ముక్కు వంకర, వీపున గుంట. వరండాలో పలక వేసి వదిలితే అది నేరుగా గోడకి పోయి గుద్దుకునేది. "దీనికి గోడంటే ఇష్టం నాన్నా" అని పకపకా నవ్వేదానివి. నాకు నవ్వు రాలేదు. వీధి చివర సైకిలు షాపు మెకానిక్, మందిరం గడప తొక్కని మనిషి, తన కొడుకుని పందెంలో పెట్టాడు. షాపు ముందు నన్ను ఆపి, "అయ్యగారూ, మీ ప్రార్థన గొప్పదో మా గ్రీజు గొప్పదో ఆదివారం తేలిపోతుంది" అన్నాడు. నలుగురూ నవ్వారు. అతను వేళాకోళానికి అన్నాడు. నేను దాన్ని యుద్ధం చేసుకున్నాను.

శుక్రవారం నువ్వు బడికి వెళ్ళాక నీ బండిని నేను పనిచేసే కలప అడితికి పట్టుకుపోయాను. అడుగున బెజ్జం వేసి, సీసం కరిగించి పోసి, రంపం పొట్టు జిగురుతో కలిపి పూడ్చి, ఉప్పుకాగితంతో సాపు చేశాను. మేకులు సరిచేశాను. బైబిల్లో దోచుకున్న బంగారాన్ని గుడారం కింద పాతిపెట్టినవాడి మీద అంతకుముందు వారమే గంటన్నర మాట్లాడాను. పాతిపెట్టేటప్పుడు వాడి చేతులు వణికాయో లేదో వాక్యంలో లేదు. నావి వణకలేదు.

అడితిలో గ్రాములు చూసే త్రాసు లేదు. దుంగని చేత్తో లేపి బరువు చెప్పగలవాణ్ణి కదా, ఆ పొగరుతో అంచనా వేశాను. ఆదివారం బల్ల మీద పెడితే ముల్లు నూట యాభై ఎనిమిది దగ్గర ఆగింది. ఎనిమిది తీసేయాలంటే సీసం తీయాలి, సీసం తీయాలంటే అందరి ముందూ బెజ్జం విప్పాలి. ముల్లు నా వైపు తిరిగి ఉంది, ఎవరికీ కనబడదనుకున్నాను. "నూట యాభై, సరి!" అని అరిచాను. అప్పుడు చూశాను, నువ్వు బల్ల చుట్టూ తిరిగి నా పక్కకి వచ్చేశావు. గడ్డం బల్ల అంచుకి ఆనించి ముల్లుని చూశావు. నన్ను చూశావు. మళ్ళీ ముల్లుని చూశావు. బండి తీసుకుని పలక దగ్గరికి వెళ్ళిపోయావు.

నీ బండి గెలిచింది. మెకానిక్ కొడుకు జానెడు తేడాతో రెండోవాడు.

ఆ రోజు నుంచీ నా పేరు పోయింది, "సరితూకం అయ్యగారు" వచ్చింది. కన్నబిడ్డ బండిని కూడా గ్రాము తేడా లేకుండా తూచిన మనిషని ఊరంతా చెప్పుకున్నారు. ఏటేటా అదే కుర్చీ తెచ్చి వేస్తారు, నేను కూర్చుంటాను. లోపల కుళ్ళిన కొద్దీ బయట కేకలు పెరిగాయి. ఒక ఏడు తెగించి వేదిక ఎక్కి, "మీ ముందు ఒకటి ఒప్పుకోవాలి" అన్నాను. వెనక బెంచీ నుంచి ఎవరో "ఆమేన్!" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. వినయం గురించి నాలుగు మాటలు చెప్పి దిగిపోయాను.

నువ్వు ఆ మెకానిక్ కొడుకునే చేసుకుంటానన్నప్పుడు నేను నిప్పులు కురిపిస్తానని సంఘమంతా ఎదురుచూసింది. సరే అన్నాను. అయ్యగారిది పెద్ద మనసన్నారు. ఏ మొహం పెట్టుకుని కాదంటాను తల్లీ? ఇప్పుడు మా వియ్యంకుడు భోజనానికి కూర్చున్నప్పుడల్లా, "బావగారూ, ఆ రోజు మీ బండికి దేవదూతలు గ్రీజు రాశారా ఏంటి?" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

అందుకని ఒకటి నిర్ణయించుకున్నాను. ఆదివారం మోకాలి నొప్పని చెప్పి ఇంట్లో ఉండిపోతాను. కుర్చీ ఖాళీగా ఉంటుంది. నువ్వు బాబుని తీసుకురా. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ.

నీకు ఎదురుపడటానికి జంకే
నాన్న

•

గురువారం

ప్రేమగల నాన్నకి,

మీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. రెండోసారి చదివేసరికి కోపం వచ్చింది. మోకాలి నొప్పేమిటి నాన్నా? ముల్లు ఒకచోట ఉంటే నోరు ఇంకోటి అనడమే కదా ఇది కూడా?

మీరు ఒక సంగతి రాయలేదు. మరిచిపోయారేమో. పందెం అయ్యాక నన్ను బెంచీ మీద నిలబెట్టి "సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. "దేవుడు నా చేతులని దీవించాడు" అని మీరు చెవిలో చెప్పారు. అదే పైకి చెప్పాను. చూసినవాళ్ళని కదా సాక్షి అంటారు. ఆ హాల్లో చూసింది నేనొక్కదాన్నే. ఆ సాక్షి చేతే ఆ సాక్ష్యం చెప్పించారు. తూకంలో అబద్ధం మీదే. దేవుడి పేరు మీద అబద్ధం మాత్రం నాది అయిపోయింది. ఇప్పటికీ కళ్ళు మూస్తే ముల్లే కనబడుతుంది. నేను కళ్ళు తెరుచుకునే ప్రార్థిస్తానని మీరెప్పుడూ గమనించలేదు, మీవి మూసుకుని ఉంటాయి కాబట్టి.

కానీ కార్డు రాసింది నా కోసం కాదు.

పోయిన వారం మావాడు దిమ్మ ముందేసుకుని ఆకురాయి పట్టాడు. ఈయన వచ్చి లాక్కున్నారు.

"ఇటివ్వరా, చెడగొడతావ్."

"నా బండి కదా నాన్నా!"

"నా చేతుల్లోనే పని లేదు, నీ చేతుల్లోకి ఎక్కణ్ణుంచి వస్తుందిరా? ఊరుకో, వడ్రంగికిచ్చి చేయిస్తాను."

దిమ్మ బీరువా మీదికెక్కింది. వడ్రంగి శనివారం సాయంత్రం కొత్త బండి తెస్తాడు. దాన్ని కూడా మీరే తూచి "సరి" అని అరిస్తే నేను చూడలేను. మావాడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాడు నాన్నా. ఎందుకురా అంటే "ఏదైనా ముట్టుకుంటే పాడవుతుందని" అంటున్నాడు.

ఈయనకి ఆ మాట ఎక్కడిదో తెలుసా? ఆ పందెం ఓడిన సాయంత్రం మామయ్యగారు, "నీ చేతిలో పని లేదురా, పో, పుస్తకాలు పట్టుకో" అన్నారట. నవ్వుతూనే అన్నారట. ఈయన ఆ తర్వాత షాపులో రెంచి ముట్టలేదు. ఇంట్లో కుళాయి కారినా మనిషిని పిలుస్తారు. ఆ జానెడూ ఈయన చేతులది కాదు, మీ సీసానిది. పదకొండేళ్ళుగా ఈయన పక్కన ఉండి ఇది చెప్పలేకపోయాను. చెబితే మీరు పోతారు, చెప్పకపోతే ఈయన పోతున్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ మధ్య జాగాలో కాపురం చేస్తున్నాను. ఇప్పుడు మావాణ్ణి కూడా అందులోకే దింపుతున్నాం.

మీరు ఊరికే కుర్చీలోంచి లేచిపోతే ఎవరికీ ఏమీ రాదు. లేచి నిలబడి చెప్పండి. ముందు చెప్పాల్సింది మందిరంలో కాదు, సైకిలు షాపులో.

మీ
చిట్టి

•

శనివారం మధ్యాహ్నం

కన్నకొడుకు కంటే ఎక్కువైన అల్లుడు గారికి,

మీ అత్తగారి చేతికిచ్చి ఈ కాగితాన్ని బస్సెక్కిస్తున్నాను. ఆమెకి పొద్దున్నే చెప్పాను. మీ నాన్నగారు ఈపాటికి మీ గుమ్మంలో ఉండి ఉంటారు. ఆయన నోట మీరు విన్నదే ఇక్కడా రాస్తున్నాను, నా చేతిరాతతో కూడా ఉండాలని. మీరు పన్నెండేళ్ళప్పుడు ఓడిపోలేదు. మా అమ్మాయి బండిలో దానికి తెలియకుండా సీసం పోసింది నేను. నూట యాభై ఎనిమిదిని నూట యాభై అని అరిచింది నేను. పలక మీద ముందు దిగాల్సింది మీ బండి.

పొద్దున తొమ్మిదింటికి షాపుకి వెళ్ళాను. ఆయన టైరుకి గాలి కొడుతున్నారు.

"బావగారూ, మీవాడు ఓడిన రోజు మా బండి ఎనిమిది గ్రాములు ఎక్కువ" అన్నాను.

"పొద్దున్నే వేళాకోళమా? ఎవరైనా వింటే దేవుడు కూడా మా గ్రీజుకి భయపడ్డాడనుకుంటారు."

"సీసం నేనే పోశాను. ముల్లు నేనే చూశాను."

పంపు ఆగింది. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. చక్రం పక్కనే చతికిలబడి, "వాడి చేతిలో పని లేదన్నానయ్యా నేను. ఆ రోజు రాత్రి వాడు గ్రీజు చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ ముట్టలేదు. చదువు మీద ధ్యాస అనుకున్నాను" అన్నారు. కాసేపటికి లేచి షట్టరు దించేశారు. నేనూ వస్తానన్నాను. "మీరొద్దు. ఇవాళ మీ మొహం చూడలేను" అని బస్టాండు వైపు వెళ్ళిపోయారు. ఆ మాట నాకు తగినదే.

అక్కణ్ణుంచి సంఘ పెద్ద ఇంటికి వెళ్ళాను. ఆయన విని తలుపు దగ్గరగా వేసి, "ఇప్పుడు ఎందుకండీ ఇదంతా? పాత మాట. ఏ నడుము నొప్పో అని చెప్పి కూర్చోకపోతే సరిపోతుంది కదా" అన్నారు. నా బుర్రలోంచి దొంగిలించినట్టే ఉంది ఆ సలహా! వల్ల కాదన్నాను. రేపు తూకానికి ముందు అందరి ఎదుటా చెబుతాను. నా కూతురు పదేళ్ళప్పుడు చెప్పిన సాక్ష్యం దానిది కాదని, నేను దాని నోట్లో కుక్కిన అబద్ధమని కూడా చెబుతాను. ఆ తర్వాత నన్ను వేదిక ఎక్కనిస్తారో లేదో వాళ్ళ ఇష్టం.

క్షమించమని అడగను. అది మీ ఇష్టం, ఎన్నేళ్ళయినా పట్టనివ్వండి. కానీ మీ అబ్బాయికి అన్నేళ్ళు లేవు. వాడు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాడట. బల్ల గుద్ది "నేడే మారుమనస్సు పొందండి" అని ఊరందరికీ చెప్పినవాణ్ణి, నా మటుకు నాకు ఇరవై రెండేళ్ళు "రేపు" అనుకుంటూనే గడిపాను. "రేపు" అన్న మాటని నమ్మకండి బాబూ, అది నన్ను తినేసింది. వడ్రంగికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. బీరువా మీద దిమ్మ దించండి. ఆకురాయి వాడి చేతిలో పెట్టి, ఉప్పుకాగితం మీరు పట్టుకుని పక్కన కూర్చోండి. వంకర పోతే పోనివ్వండి, లాక్కోకండి. మీ చేతులు ఏం చేయగలవో మీకు తెలియదు, వాడికీ తెలియదు. తెలుసుకోవడానికి చీకటి పడేదాకా టైముంది. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకోకముందే లేవండి. ఇవాళే. ఇప్పుడే.

తలవంచి,
మీ మామ