ఏడుగురు ఆడపిల్లలు, ఒక గోడ

జూలై 7, సోమవారం

నర్సక్కకి ఆసుపత్రిలో డ్యూటీ మారింది. ఇక శనివారాలు కుదరదట. మా కూటంలో ఆడపిల్లల క్లాసు ఆవిడదే. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు, లెక్కకి ఏడుగురు. పిల్లల్ని ఒక రోజు ఎక్కడికైనా తీసుకెళ్తానని మాట ఇచ్చిందట. ఆ మాట ఇప్పుడు నా నెత్తిన పెట్టింది. బ్రదర్, మీరే చూడాలి, వర్షాలు కాబట్టి పైకప్పు ఉన్న చోటు చూడండి, సరదాగా ఉండాలి సుమా అంది. సరదా అనే మాట దగ్గర ఆగి నా ముఖంలోకి అదోలా చూసింది.

నేను మోటార్లు వైండింగ్ చేసుకునే మనిషిని. ఏ బైబిల్ కాలేజీ గడపా తొక్కలేదు. కాయిల్‌కి పూసిన వార్నిష్ ఆరేలోపు ఒక అధ్యాయం, అలా పదహారేళ్లు చదివాను. గ్రంథం అట్ట మీద నా బొటనవేలి మరక పడిపోయింది. మైకు పట్టుకుంటే చివరి వరస వాళ్లు కూడా కునుకు మానేస్తారు. అలాంటివాణ్ణి సరదా ఏర్పాటు చేయమనడం నిప్పుని పిలిచి నీళ్లు చల్లమన్నట్టే.

అయినా ఒప్పుకున్నాను. నర్సక్క కోసం కాదు. ఆ ఏడుగురిలో ఒకతె మా అమ్మాయి. మూడు నెలలుగా క్లాసుకి పోవడం లేదు. నాతో మాటల్లేవు. ఊ, లేదు, సరే. ఈ మూడింటితోనే ఇల్లు గడుస్తోంది.

ఎందుకో నాకు తెలుసు. ఇక్కడైనా రాయాలి. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పశ్చాత్తాపం మీద చెబుతున్నాను. ఉదాహరణ కావాల్సొచ్చింది. అంతకుముందు వారం అది బాత్రూంలో ఏడుస్తూ వాళ్లమ్మతో ఒక సంగతి చెప్పుకుంది. తలుపు ఇవతల నుంచి విన్నాను. దాన్ని తీసి మైకులో చెప్పేశాను. ఉదాహరణ భేషుగ్గా కుదిరింది. నూట ఎనభై మంది నవ్వారు, ఆ తర్వాత కొందరు కళ్లొత్తుకున్నారు. ఆ రోజు ఇంటికొస్తూ నా భుజం నేనే తట్టుకున్నాను.

పిల్ల మాత్రం అప్పటినుంచి చివరి వరసలో కూర్చుంటోంది.

జూలై 9, బుధవారం

ప్లాన్ రెడీ. మన కూటం హాల్లోనే. కుర్చీలు గుండ్రంగా వేస్తాం. బైబిల్ వాక్యాల పోటీ, మధ్యలో ఒక చిన్న సందేశం (నలభై నిమిషాలు), గెలిచినవాళ్లకి పెన్ను. నోటీసు బోర్డుకి కాగితం అంటించాను. పైన ఎర్ర ఇంకుతో: పరిశుద్ధ వినోదం! కింద పేర్లు రాసుకోవడానికి ఏడు గీతలు.

జూలై 13, ఆదివారం

ఏడు గీతలూ ఖాళీ. వాటి కింద ఎవరో పెన్సిల్‌తో ఆవులిస్తున్న ముఖం గీశారు. కొండనాలుక కూడా వేశారు. బొమ్మ బాగుంది, ఒప్పుకోవాలి.

జూలై 14, సోమవారం

మా ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతూ అడిగింది, ఇంతకీ పిల్లల్ని అడిగారా అని. దేవుణ్ణి అడిగానన్నాను. ఆయనైతే పిల్లల్నే అడిగి ఉండేవాడు అంది. తల ఎత్తనైనా ఎత్తలేదు, నా చొక్కా చేతులు వెనక్కి విరిచి మడతపెట్టి అవతల పడేసింది. మీరు నోటితో ఆలోచిస్తారు, ఒక్కసారి చెవులతో ఆలోచించి చూడండి అంది.

తడి చేత్తో ప్లగ్గు ముట్టుకున్నట్టయింది.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఈవిడ ఒక్కసారీ మైకు ముట్టలేదు. ముట్టి ఉంటే నన్నెవరు పిలుస్తారు? వార్నిష్ డబ్బా పక్కనే కూర్చుని ఉండేవాణ్ణి.

జూలై 17, గురువారం, సాయంత్రం ఏడు

పిల్లల్ని షాపుకి పిలిచాను. ఆరుగురొచ్చారు. మా అమ్మాయి రాలేదు. పాత ఫ్యాన్ల మీదా పంపుసెట్ల మీదా తలా ఒక చోట కూర్చున్నారు. వాళ్ల తరఫున మాట్లాడింది కళ్లజోడు పిల్ల. ఆ గుంపుకి లాయరు అదే. ముందు కొన్ని ప్రశ్నలున్నాయంది. మేం ఏం చెప్పినా కోప్పడరు కదా అంకుల్ అంది. కోప్పడనన్నాను. అరవరు కదా అంది. నా గొంతే అంతమ్మా అన్నాను. అయితే దూరంగా కూర్చుంటాం అంది. తర్వాత అడిగింది, ప్రసంగంలో వాడరు కదా అని.

అందరూ నేల చూశారు. నాకు అర్థం కాలేదు. ఏం వాడటం అన్నాను.

అప్పుడు బేకరీ వాళ్లమ్మాయి నోరు విప్పింది. ఏప్రిల్ దాకా మా అమ్మాయికి ప్రాణస్నేహితురాలు. ఇద్దరికీ ఒకే గొడుగు. అది చెప్పింది, మేమే దాంతో మాట్లాడటం మానేశాం అంకుల్ అని. దాని తప్పేం లేదని వాళ్లకి తెలుసట. కానీ దానికి ఏం చెప్పుకున్నా ఆదివారానికి మైకులో వస్తుందని భయమట. అందరి ఇళ్లలో గోడలకి చెవులుంటాయి, మీ ఇంట్లో స్పీకర్లు కూడా ఉన్నాయి అంకుల్ అంది. అని, అన్నందుకు ఏడ్చింది.

అంటే మా పిల్ల క్లాసు మానలేదు. క్లాసే మా పిల్లని వదిలేసింది. నా వల్ల. మూడు నెలలు నేను దాని కోపం తగ్గాలని ప్రార్థన చేస్తూ కూర్చున్నాను. దానికి కోపం కాదు, ఒంటరితనం.

గడ్డాలు నెరిసిన పెద్దలు నా ముఖం మీద చెప్పలేని మాట ఇది. పదమూడేళ్ల పిల్ల, చేతికి పిండి అంటుకుని ఉండగా, చెప్పింది. వెనకటి ప్రవక్తలు ఇలాగే ఉండి ఉంటారు. నేనే ఇన్నాళ్లూ గడ్డాలతో ఊహించుకున్నాను.

తర్వాత షరతులు. కళ్లజోడు కాగితం మీద రాసుకొచ్చింది. గోడ ఎక్కే హాలుకి తీసుకెళ్లాలి. క్లైంబింగ్ అంటారట, లోపలే, తాడు కట్టుకుని ఎక్కుతారట. ప్రార్థన ఒక్క నిమిషం, ఫోన్లో టైమర్ పెడతారు. సందేశం లేదు. చిన్నదీ లేదు. అక్కడ జరిగింది, అక్కడ అన్నది, ఏదీ మైకు దాకా రాకూడదు. సంతకం పెట్టమంది. పెట్టాను. పక్కన గ్రీజు వేలిముద్ర కూడా పడింది. ఇంకా గట్టి సాక్ష్యం అంది కళ్లజోడు.

వెళ్లబోతూ బేకరీ పిల్ల గుమ్మంలో ఆగింది. దాన్ని తీసుకురండి అంకుల్ అంది. తాడు దగ్గర ఇద్దరిద్దరు కావాలన్నారు కదా, ఏడుగురైతే జత కుదరదేమో అన్నాను. కుదరకపోతే మానె, తీసుకురండి అంది.

జూలై 19, శనివారం

పిల్ల గది తలుపు కొట్టి నిలబడ్డాను. ఇన్నేళ్లలో కొట్టడం ఇదే మొదలు. అది కూడా గమనించినట్టుంది, లోపల ఏదో చప్పుడు ఆగింది, తర్వాత తలుపు తెరుచుకుంది.

పశ్చాత్తాపం మీద నలభై ప్రసంగాలు చేశాను. బల్ల గుద్ది మరీ చేశాను. ఇంట్లో ఒక్క మనిషి ముందు చేయాల్సొచ్చేసరికి రెండు ముక్కల్లో అయిపోయింది. నీ మాట దొంగిలించాను, దాంతో నీ స్నేహితులు పోయారు, క్షమించు అన్నాను. అంతే వచ్చింది. ఒక్క వచనం కూడా గుర్తు రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

గోడ వైపు తిరిగి అడిగింది, ఇంతకీ ఎవరెవరు వస్తున్నారు అని.

మూడు నెలల్లో ఇదే పెద్ద వాక్యం. వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకి చెప్పాను. విన్నాను లెండి, గోడలకి చెవులు అంది.

జూలై 20, ఆదివారం

పొద్దున్నే నా టీ గ్లాసు కింద ఒక కాగితం. స్కేలు పెట్టి గళ్లు గీసి ఉంది, మా అమ్మాయి చేతిరాత. ఏడుగురూ వరసగా. బూట్ల సైజు. ఎవరికి ఆయాసం, ఎవరు ఇన్‌హేలర్ మరిచిపోతారు. ఎవరు ఎన్నింటికి ఇంట్లో ఉండాలి. కళ్లజోడుకి వెనక కట్టే ఎలాస్టిక్. జడలు పైకి ముడివేసుకోవడానికి రబ్బరు బ్యాండ్లు, అదనంగా ఆరు. బేకరీ పిల్ల గడిలో: ఎత్తంటే భయం, చెప్పదు, అడగొద్దు.

ఒక బూట్ల సైజు పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది: ఏప్రిల్‌లో నాలుగు, ఈపాటికి పెరిగి ఉంటుంది, కనుక్కోవాలి.

తనతో ఒక్కరూ మాట్లాడలేదు. ఒక్కరినీ ఇది మరిచిపోలేదు. మంద తెలిసిన కాపరి అంటే ఎలా ఉంటాడో ఎన్నిసార్లు వర్ణించానో నాకే లెక్కలేదు. వాళ్ల బూట్ల సైజు తెలిసి ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు.

జూలై 22, మంగళవారం

వెళ్లి హాలు చూసొచ్చాను. నాలుగంతస్తుల గోడ. ఆకాశాన్నంటే గోపురాల గురించి గంటన్నర ప్రసంగించినవాణ్ణి, తల వెనక్కి వాల్చి చూసి నోరు మూసుకున్నాను.

జూలై 26, శనివారం, మధ్యాహ్నం మూడు

ఇప్పుడే ఇంటికొచ్చాం. వెంటనే రాయాలి.

రేకుల కప్పు కింద పెద్ద షెడ్డు. బయట వాన, లోపల మాట మోగుతుంది. గోడ నిండా రంగురంగుల ప్లాస్టిక్ ముద్దలు. నేర్పించే ఆవిడకి ముప్ఫై లోపే ఉంటాయి, అరచేతులు సున్నం కొట్టినట్టు తెల్లగా, మెడ దగ్గర చెమట. పిల్లలు అయిదు నిమిషాల్లో తాడమ్మ అని పేరు పెట్టేశారు. ఆవిడ పలికింది కూడా.

ప్రార్థన నలభై సెకన్లలో ముగించాను. చప్పట్లు కొట్టారు. నా ప్రార్థనకి చప్పట్లు ఇదే మొదటిసారి.

తాడు ఎక్కేవాళ్ల నడుముకి ఒక కొస, పైన కప్పీ మీదుగా తిరిగి వచ్చి కింద నిలబడ్డవాళ్ల నడుముకి రెండో కొస. ఎక్కేవాళ్లు పట్టుకున్నావా అని అడగాలి. కిందవాళ్లు పట్టుకున్నా అనాలి. ఆ మాట వినకుండా కాలు నేల వదలకూడదు. పట్టుకున్నవాళ్లు కళ్లు తిప్పకూడదు, పక్కవాళ్లతో మాట్లాడకూడదు. వెనక తాడమ్మ మిగిలిన తాడు పట్టుకుని ఉంటుంది. నేను ఉండబట్టలేక పక్కకి చేరి ధైర్యం చెప్పబోయాను. అంకుల్, మీ ధైర్యం తీసుకెళ్లి ఆ బెంచీ మీద పెట్టండి, అమ్మాయి ధ్యాస చెడుతోంది అంది తాడమ్మ. పదహారేళ్లలో నన్ను కూర్చోబెట్టిన మొదటి మనిషి. కూర్చున్నాను. ఆవిడ చెప్పింది నిజం.

ఒక్కొక్కరూ ఎక్కారు. కళ్లజోడు బల్లిలా పోయింది. ఏమి బలం ఆ చేతుల్లో! నోటుబుక్కు తప్ప మోయవనుకున్నాను.

బేకరీ పిల్ల వంతు. ఎవరు పట్టుకోవాలి అని తాడమ్మ అడిగింది. నలుగురు చేతులెత్తారు. మా అమ్మాయి ఎత్తలేదు. బేకరీ పిల్ల నేరుగా దాని ముందుకెళ్లి నిలబడింది. పట్టుకున్నావా అంది. ఇంకా బెల్టుకి తాడే వేయలేదు. తాడమ్మ నవ్వి ఇద్దరికీ వేసింది. బేకరీ పిల్ల మళ్లీ అడిగింది.

పట్టుకున్నా, అంది మా పిల్ల. ఏప్రిల్ తర్వాత దాని గొంతు అంత గట్టిగా వినడం అదే.

సగం పైకి బాగానే పోయింది. ఆ తర్వాత ఆగిపోయింది. గోడని కరుచుకుంది. కాళ్లు కుట్టుమిషను సూదిలా టకటకా కొట్టుకుంటున్నాయి. దించేయనా అంది తాడమ్మ. వద్దని పైనుంచి తల ఊపింది. మా పిల్ల మెడ వెనక్కి వాల్చి, కళ్లు తిప్పకుండా చెప్పింది, తొందరేం లేదు, నేనెక్కడికీ పోను, నాకేం నొప్పెట్టడం లేదు అని. అబద్ధం. ముంజేతులు వణకడం బెంచీ మీదికి కనిపిస్తోంది. ఇంత నిజమైన అబద్ధం నేను వినలేదు.

అప్పుడు పైనున్న పిల్లకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఒక సంగతి చెప్పేసింది. గోడకే చెప్పుకుందేమో గానీ రేకుల కింద అందరికీ వినిపించింది. నాకూ.

నేనైతే ఏం చేసేవాణ్ణి? పాతిక నిమిషాలు ఓదార్చేవాణ్ణి, పది వచనాలతో. మా పిల్ల అన్నది ఇంతే: సరే, విన్నాం. ఇప్పుడు ఎడమ కాలు ఆ పచ్చదాని మీద పెట్టు.

పెట్టింది. ఆ తర్వాత కుడికాలు. ఆ తర్వాత పైదాకా. పైన దూలాన్ని అరచేత్తో కొట్టిన చప్పుడుకి నేను లేచి నిలబడి స్తోత్రం అని అరిచాను. షెడ్డు దద్దరిల్లింది. తాడమ్మ నా వైపు చూసి బెంచీకేసి వేలు చూపించింది. మళ్లీ కూర్చున్నాను.

కిందికి దిగాక మిగతా అయిదుగురూ వాళ్లిద్దరి మీద పడ్డారు. ఎవరి చేయి ఎవరిదో తెలియలేదు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో అదీ తెలియలేదు. సముద్రం దాటి అవతల ఒడ్డుకి చేరిన ఆడవాళ్లు ఆడి పాడారని గ్రంథంలో చదివాను. చూడటం ఇవాళే.

ఉన్నట్టుండి ఏడుగురూ ఒక్కసారి నా వైపు తిరిగారు. ఒక్కరూ నవ్వడం లేదు. మా పిల్ల అందరికంటే ముందు నిలబడి ఉంది. నా చేయి అప్పటికే జేబులో ఉంది, చిన్న నోట్‌బుక్కు మీద. అలవాటు. బయటికి తీసి, ఖాళీ చేయి చూపించాను.

ఆ పిల్ల ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

జూలై 27, ఆదివారం

అంశం నెల ముందే ఖాయమైంది: ఒకరి భారం ఒకరు మోయడం. దేవుడి హాస్యం ఇలాగే ఉంటుంది. నా జీవితంలో దొరికిన ఉదాహరణలన్నిట్లోకీ గొప్పది నాలుక చివర ఉంది. ముందు వరసలో ఏడుగురు. మా పిల్ల మధ్యలో. మైకు పట్టుకున్నాను.

మింగేశాను. బదులుగా, ఒకసారి ఒక ముసలాయన పంపు మోటారు నేనే తప్పుగా చుట్టి కాల్చేసి, ఓల్టేజీ మీద నెట్టేసిన సంగతి చెప్పాను. అంశానికి అతకలేదు. ఇద్దరు నిద్రపోయారు, ఒకాయన గుర్రు పెట్టాడు. పెద్దల్లో ఒకరు బయట చేయి పట్టుకుని ఒంట్లో బాగాలేదా బ్రదర్ అన్నారు. నర్సక్క నాడి కూడా చూసింది.

బేకరీ పిల్ల వెళ్తూ వెళ్తూ, బాగా చెప్పారు అంకుల్ అంది. ఇన్నేళ్లలో నేను చేసిన అత్యంత చెత్త ప్రసంగం అది. ఇంటిదాకా తేలిపోతూ నడిచాను. మా పిల్ల నాతో రాలేదు. వాళ్లిద్దరూ ఒకే గొడుగు కింద, వెనకాల ఎక్కడో.

జూలై 29, మంగళవారం

ఆ రోజు సంగతులు డైరీలో రాశావా నాన్నా అని అడిగింది. నువ్వే చూసుకో అని పుస్తకం చేతికిచ్చాను.

సాయంత్రం తెచ్చిచ్చింది. రెండు చోట్ల కొట్టేసింది, ఇంకు వెనక పేజీలోకి దిగేలా. మిగతాది ఉండనీ అంది.