చప్పుడు లేని ట్యాంకర్

మంగళవారం, రాత్రి

ఇన్నేళ్లూ మధ్యాహ్నం మా ఆయన నడిపే నీళ్ల ట్యాంకర్ మలుపు తిరిగిన చప్పుడు వినే ఎసట్లో రాగిపిండి పోశాను. కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి ముద్ద పొగలు కక్కుతూ ఉండేది. కొత్త నియమం వచ్చి డీజిల్ బండి తీసేస్తారని, ఈరోజు నుంచి కరెంటు బండి అని ఆయన ముందే చెప్పారు. దానికి చప్పుడే ఉండదని నాకు తోచలేదు. ఎసరు మరుగుతుండగానే గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏమ్మే, ఇంగా ముద్ద కాలేదా?"

"మీ బండి పిల్లి మాదిరి వస్తే నాకెట్ల తెలిసేది?"

నవ్వారు. "పది నిమిషాలే ఉండేది. మజ్జిగ ఇయ్యి, చాలు. రేపట్నుంచి మధ్యాన్నం రాబర్ట్‌సన్‌పేట డిపోలో చార్జింగు పెట్టల్లంట. బండికాడే ఉండల్ల. క్యారియర్ కట్టు."

ముద్ద క్యారియర్‌లో రాయి అవుతుంది, అన్నమే కట్టాలి. కొత్త బండికి పొగ లేదు కాబట్టి ఆయన దగ్గు తగ్గుతుందేమో. మంచిదే.

మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేది ఇక ఆదివారాలే.

ఆయన వెళ్లాక ఎసరు వృథా చేయలేక ముద్ద కెలుకుతున్నాను. ఎవరిదో డీజిల్ లారీ మలుపు తిరిగింది. చూసుకుంటే రెండు పళ్లేలు పెట్టి ఉన్నాను.