అడ్జస్ట్ అన్న మాట

అక్కా,

ఇవాళ నీ తద్దినం. నీ పొయ్యి మీదే నీకు గారెలు వండాను.

అడ్జస్ట్ అన్న మాట నువ్వే నేర్పావు నాకు. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "అడ్జస్ట్ అయిందా?" అని అరిచేదానివి. బొమ్మ వచ్చేదాకా నేను కిందనుంచి "ఇంకొంచెం" అనేదాన్ని. గుంటూరు బస్సులో ఇద్దరి సీట్లో నాన్నతో కలిపి ముగ్గురం అడ్జస్ట్ అయి నవ్వుకునేవాళ్లం.

నువ్వు పోయిన మూడో నెల, కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తూ నాన్న నా వైపు చూడకుండా అన్నాడు: "పిల్ల మొహం చూసి అడ్జస్ట్ అవ్వమ్మా." "నీకిష్టమేనా" అని నన్ను ఒక్కరూ అడగలేదక్కా. బావని చేసుకున్నాను. కాపురానికొచ్చిన రోజే మీ అత్తగారు నీ జాకెట్లు నా ముందు పడేసి, "కుట్లేసుకుని అడ్జస్ట్ చేసుకో, కొత్తవెందుకు" అంది. ఇప్పుడు ఒంటి మీదున్నదీ నీదే.

సాయంత్రం నీ కూతురు ఇంగ్లీషు నోట్సు తెచ్చి చూపించింది. బళ్లో ఆ మాటతో సొంతంగా ఒక వాక్యం రాయమన్నారట. "మా పిన్ని అన్నిటికీ అడ్జస్ట్ అవుతుంది" అని ఇంగ్లీషులో రాసింది.

టీచరు ఎర్ర సిరాతో రైటు కొట్టి, పక్కన గుడ్ అని పెట్టింది.