వాళ్లు చుట్టాలని చెప్పద్దు నాయనా

నాయనా,

ముందు ఒక నిజం చెప్పేస్తా. మొన్న మున్సిపాలిటీ ఆయనొస్తే, మేడ మీద దిగిన బెంగళూరు పిల్లోళ్లను "మా చుట్టాలు సార్" అన్నావు కదా. అప్పుడు నేను తలుపు ఎనకాలే నిలబడి నవ్వుకున్నా.

ఈ పొద్దు ఆయన మళ్లీ వస్తాడు. చుట్టాలనద్దు. పెనుకొండ కోట చూసేకి వచ్చినోళ్లకు రూము బాడిగకు ఇస్తాండామని ధైర్యంగా చెప్పు. మన ఇల్లు మనం బాడిగకిచ్చేది తప్పు కాదు, దాచిపెడితేనే తప్పు. ఆయన సంతకం పెట్టి పర్మిషన్ ఇయ్యకుంటే రూము మూసేయాల. నేను మళ్లీ బెంగళూరుకు ఉద్యోగానికి పోవాల, చూసుకో మరి.

దిగినోళ్ల ఆధార్ కాపీలు టీవీ కింద ఉండాయి, చూపించు. "ఇంటికొచ్చినోళ్లను నువ్వెవరని అడుగుతారా పాపా?" అని నాతో కొట్లాడితివి. రూలు అడగమంటాది నాయనా. నీళ్లిచ్చి మర్యాదగానే అడుగుదాం.

పక్కింటి కుళ్లాయప్ప మామ మీద అరవద్దు. ఆ పిల్లోళ్ల పాటలకు ఆయనకు నిద్ర లేక కంప్లైంట్ ఇచ్చినాడు, పాపం. రాత్రి పది దాటితే పాటలు బంద్ అని రాసి మేడ గోడకు అతికించినా. ఆయన్ను పిలిచి చూపించు.

చలికి వాళ్లకు నీ కంబళి ఇచ్చేసి, నువ్వు తువ్వాలు కప్పుకొని పండుకుంటివంట. నీతో ఎట్ల ఏగాల నాయనా? నేను ఈ పొద్దు ధర్మవరం పోయి దుప్పట్లు తెస్తా. ఒకటి నీకే, ఎవరికీ ఇయ్యద్దు.

హరిత

మర్చిపోయినా: ఆ సార్‌కు సంగటి పెట్టేది సంతకం అయినాకే. ముందే పెడితే లంచం అనుకుంటాడు.