షుగరు పరీక్ష

ఏలూరు,
9-8-2007.

చిరంజీవి శ్రీవల్లికి అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. తాడేపల్లిగూడెంలో నువ్వూ, మీ అన్నయ్య కుటుంబమూ క్షేమమని తలుస్తాను. నా మోకాలి నొప్పి గురించి అడిగావు. కర్ర లేకుండానే నడుస్తున్నాను.

"బళ్లో టీచర్లు నా పొట్ట చూసి గుసగుసలాడుతున్నారండీ, ఈ మాత్రలు మానేయనా?" అని రాశావు. మానవద్దు. మా అబ్బాయి నీకు అంటించి పోయిన హెచ్.ఐ.వి.ని అదుపులో ఉంచుతున్నవి ఆ మాత్రలే. నిన్న ఆసుపత్రికి వెళ్లి, ఆహార సలహాలిచ్చే లలితగారిని కలిశాను. "బుగ్గలూ చేతులూ కరగడం, పొట్ట పెరగడం ఆ మందు వల్లనండి. మాత్ర మార్చే సంగతి డాక్టరుగారు చూస్తారు. ఇంతకీ ఏం పెడుతున్నారండీ?" అన్నారావిడ.

ముప్పై ఒక్క సంవత్సరాలు కాలేజీలో పోషకాహారం బోధించిన దానిని, నీ బుగ్గలు పూడాలని సున్నుండలూ పేరిన నెయ్యీ పెట్టానని చెప్పలేక చెప్పాను.

"బాగుందండి మేడమ్! అదంతా బుగ్గలకి పోదండి, పొట్టకే చేరుతుంది."

ఇకమీదట నెయ్యి, వేపుళ్లు, తీపి తగ్గించు. దంపుడు బియ్యం, పప్పు, ఆకుకూరలు, తక్కువ నూనెతో చేపల పులుసు తిను. రోజూ నడువు. కడుపు మాత్రం మాడ్చుకోకు.

ఇక నీ రెండో ప్రశ్న. "వేసవిలో నెల్లాళ్లు నా మొహం చూడలేదేమండీ?" దీనికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చించాను.

సెలవులకు నువ్వు ఇక్కడికొచ్చినప్పుడు, పొట్ట మీద నీ చీర కుచ్చిళ్లు నిలవకపోవడం గమనించాను. అబ్బాయి పోయి అప్పటికి రెండేళ్లు. నా మనసు పోకూడని చోటికి పోయింది, ఆ అనుమానంతోనే నెల్లాళ్లూ నీ మొహం చూడలేదు. చివరికి షుగరు పరీక్ష అని చెప్పి నీ చేత సీసాలో మూత్రం తెప్పించాను. "నా మీద మీకెంత బెంగండీ అత్తయ్యా!" అని నవ్వుతూ ఇచ్చావు. నేను చేయించినది గర్భ పరీక్ష.

"ఏమీ లేదండి మేడమ్‌గారూ" అని ల్యాబు పాండురంగారావు చెప్పినప్పుడు నాకు ఊరటే కలిగింది. ఇంటికొచ్చి, షుగరు లేదన్నాను. నువ్వు దేవుడికి దణ్ణం పెట్టుకున్నావు. సిగ్గు నిన్న ఆసుపత్రి బెంచీ మీద కలిగింది. ఆ టీచర్ల కంటే ముందు గుసగుసలాడుకున్నది నేనే తల్లీ.

క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు. ఇప్పుడు అడిగే ముఖమూ లేదు. ఆదివారం పొద్దుటి బస్సుకు కొల్లేటి కొరమేను తీసుకుని వస్తాను. తలుపు తీస్తే పులుసు నేనే వండుతాను. తీయకపోతే సంచి గుమ్మంలో పెట్టి వెనుదిరుగుతాను.

తలుపు తీయకపోయినా సరే, మాత్రలు మానకు.

ఇట్లు,
నీ ముఖం చూడవలసిన
అత్తయ్య,
వెంకటనరసమ్మ.