హబూబా చూసిన గది

ఏప్రిల్ 11

శుక్రవారం. భోజనాలయ్యాక గిన్నెలు కడుగుతుంటే మర్యమ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, చేతులు తుడుచుకుని రమ్మంది. హాల్లో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. కింద కాదు, సోఫా మీద.

ఒళ్లో లాప్‌టాప్. అమెరికాలో హోటల్ వెతుకుతోంది. జూన్‌లో వాళ్లన్న నాసిర్‌కి అక్కడ డిగ్రీ పట్టా ఇస్తారు. ఇంటిల్లిపాదీ ప్రయాణం. యజమాని బాబా, ఆయన భార్య మామా, మర్యమ్, ఆరేళ్ల సలీం, బాబా తల్లి హబూబా. హబూబా ఉన్నచోట నేను. ఆరుగురం.

మామూలు గదులైతే మూడు తీసుకోవాలట. పది రోజులు అంత పెట్టలేనని బాబా ముందే అన్నాడు. అందుకే సూట్లు చూస్తోంది. ఒక పడకగది, చిన్న హాలు, లాగితే మంచమయ్యే సోఫా, ఒక మూల వంటగట్టు. అలాంటివి రెండు చాలు, వండుకుంటే బయటి తిండి ఖర్చూ తప్పుతుంది అని లెక్క. హబూబాకి ఏమేం కావాలో నీకే తెలుసు ఓబీ, చెప్పు రాసుకుంటా అంది. ఓబులమ్మ అనడం ఈ ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.

చెప్పాను. నిజం పొయ్యి ఉండాలి... వేడిచేసే ఓవెన్ ఒక్కటే ఉంటే గంజి కాయలేను. కింది అంతస్తు. బాత్‌రూమ్‌లో తొట్టి వద్దు, ఆమె కాలు ఎత్తలేదు. బట్టలుతికే మిషన్. పొద్దుటి టిఫిన్ హోటల్ వాళ్లే పెడితే పిల్లాడికి మంచిది.

అన్నీ వరసగా రాసుకుంది. తొమ్మిదేళ్లలో ఈ ఇంట్లో ఒక సంగతి నన్నడిగి చేయడం ఇదే మొదలు.

ఏప్రిల్ 12

ఇరవై హోటళ్ల ఫొటోలు చూశాం. ప్రతిదాంట్లో నా పడక ఎక్కడా అని వెతుకుతున్నాను. లేదు. హబూబా మంచం పక్కన నేల. ఇక్కడా అదే, అక్కడా అదే.

ఏప్రిల్ 18

రెడ్డెమ్మ వాయిస్ మెసేజ్. ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఖర్జూరపు తోటలో కాలువ గట్టు మీద కూర్చుని విన్నాను.

మా ఊరి పిల్లే. ఇద్దరం ఒకే విమానంలో మస్కట్‌లో దిగినాం. నాలుగేళ్ల కిందట తను పనిచేసే ఇంటివాళ్లతో అమెరికా వెళ్లి, హోటల్లో వాళ్లని వదిలేసి నడిచిపోయింది. ఇప్పుడు ఒక తెలుగువాళ్ల ఇంట్లో పని.

"అక్కా, మీరొచ్చే యూనివర్సిటీకి మేమెక్కువ దూరం లేము. హైవే పక్క హోటల్ తీసుకునేట్టు చూడు, మాకు అరగంటే. పొద్దన్నే టిఫిన్ తెచ్చానని చెప్పి కిందికి దిగు, బయట కారు పెట్టిచ్చా. నాకిప్పుడు సొంత రూమ్ ఉండాదక్కా. లోపల గడియ పెట్టుకుని పండుకుంటాండా."

గడియ.

ఈ ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లు కాదు. నన్ను కొట్టలేదు, పస్తు పెట్టలేదు. కానీ తొమ్మిదేళ్లుగా నేను పడుకునే గది తలుపు ఎవరైనా ఎప్పుడైనా తీయొచ్చు. ఆ ఒక్కమాట రెడ్డెమ్మకి ఎలా తెలిసిందో.

ఆ మెసేజ్ తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ మాత్రమే రాస్తున్నా — ఈ అక్షరాలు చదివేవాళ్లు ఈ ఇంట్లో లేరు.

ఏప్రిల్ 25

మర్యమ్ నాలుగింటిని ఏరి పెట్టింది. అందులో ఒకటి హైవే పక్కది.

నేను దాని గురించే మాట్లాడాను. పొయ్యి ఉంది. కింది అంతస్తు. కారు పెట్టుకోవడానికి డబ్బు అక్కర్లేదు. అన్నిటికన్నా చవక. చెప్తుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. మర్యమ్ తలూపుతోంది. ఫొటోలు జరుపుతుంటే బాత్‌రూమ్ వచ్చింది — తెల్లటి తొట్టి, మోకాలి ఎత్తున. మర్యమ్ గమనించలేదు. నేను గమనించాను. ఊరుకున్నాను.

అప్పుడు హబూబా మాట్లాడింది.

ఎదురుగా చాప మీద కూర్చుని కహ్వా కాఫీ తాగుతోంది. ఆమెకి రెండు కళ్ల మీదా పొర. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. చెంచా మూతి దగ్గర పెట్టినా చేత్తో తడుముకుంటుంది. ఆ కళ్లు గోడవైపు పెట్టి, ఆ పరదా వెనక ఇంకో తలుపుంది, చలిగాలి దాంట్లోంచే వచ్చేది అంది.

ఏ పరదా అని మర్యమ్ నవ్వింది. నవ్వుతూనే తర్వాతి ఫొటో తీసింది. పగలు తీసిన ఫొటో. పరదా పక్కకి లాగి ఉంది. వెనక తలుపు. పక్క సూట్‌లోకి వెళ్లేది.

మర్యమ్ మళ్లీ నవ్వింది కానీ ఈసారి చప్పుడు రాలేదు.

ఏప్రిల్ 26

బుక్ చేసింది. హైవే పక్కదే.

మే 2

సాయంత్రం మర్యమ్ ఆ హోటల్లో దిగినవాళ్లు రాసిన అభిప్రాయాలు చదువుతోంది, నాకు అరబ్బీలో చెప్తోంది. దుప్పట్లు శుభ్రం. టిఫిన్ దగ్గర రద్దీ. రాత్రిళ్లు లారీల చప్పుడు. ఒకామె పిల్లలకి పాలు కాయబోతే రెండు పొయ్యిల్లో ఒకటి వెలగలేదట.

నా చేతిలో సలీం చొక్కా, గుండీ కుడుతున్నా. సూది వేలిలో దిగింది.

నిన్న గంజి తాగిస్తుంటే హబూబా అంది — కుడివైపు పొయ్యి ముట్టించకు బింతీ, అది వెలగదు. నన్నెప్పుడూ అలాగే పిలుస్తుంది, కూతురా అని. మన వంటింటి పొయ్యి అనుకున్నాను. లేచి వెళ్లి చూశాను కూడా. నాలుగూ వెలిగాయి.

మర్యమ్‌కి ఈ మాట చెప్పలేదు.

మే 4

వీసా వచ్చింది. అక్కడేం చేస్తావని అడిగినప్పుడు పెద్దామెని చూసుకుంటానన్నాను. తిరిగొస్తావా అంటే వస్తానన్నాను. ఆ రెండు మాటలూ అరబ్బీలో ఎంత తేలిగ్గా వచ్చాయో.

మే 9

రాయాలని లేదు. అయినా రాయాలి.

పదకొండింటికి హబూబాకి స్నానం. స్టూల్ మీద కూర్చోబెట్టి వీపు రుద్దుతున్నాను. బయట ఎండ మండుతోంది, సలీం తోటలో మామిడికాయలు కొడుతున్న చప్పుడు. అంతా మామూలే. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది.

"ఆ రోజు మందు పై అరలో పెట్టి వెళ్లావు. నాకు చెయ్యి అందలేదు."

ఆమెకి ఆయాసం. పీల్చే మందు ఎప్పుడూ దిండు కిందే ఉంటుంది. తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా నేను పైన పెట్టలేదు. ఏ రోజు హబూబా అన్నాను.

"అమెరికాలో."

మనమింకా వెళ్లలేదు కదా అన్నాను. ఆమె ఆలోచించింది. మరిచిపోయినవాళ్ల ముఖం కాదది. పక్కవాళ్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలా అని చూసే ముఖం.

"టిఫిన్ తెస్తానని వెళ్లావు. తలుపు పడిన చప్పుడు విన్నాను. వాళ్లందరూ టిఫిన్ల హాల్లో తింటున్నారు. ఎన్నిసార్లు పిలిచానో."

కోపంగా అనలేదు. ఎప్పుడో అయిపోయిన పెళ్లి గురించి చెప్తున్నట్టు చెప్పింది. తర్వాత వేళ్లు వదిలి, నీళ్లు చల్లబడ్డాయి, పోసెయ్ అంది.

టిఫిన్ తెస్తానని. రెడ్డెమ్మ మాట అది. తెలుగులో అన్న మాట. నా చెవిలో మాత్రమే పడ్డ మాట.

మే 10

ఫోన్ పోగొట్టుకున్నానేమో, ఎవరైనా విన్నారేమో అని ఆలోచించాను. ఫోన్ నా దగ్గరే ఉంది. హబూబాకి తెలుగు రాదు. ముసలితనంలో ఏదో మాట్లాడుతుంది అనుకోవాలని చూశాను. తలుపు? పొయ్యి?

ఆమె నా మీద నేరం మోపి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

మే 11

రాత్రి దిండు కింద చెయ్యి పెట్టి మందు ఉందో లేదో మూడుసార్లు చూశాను.

మే 15

మర్యమ్ కాలేజీ నుంచి రాగానే చెప్పేశాను. ఆ హోటల్లో బాత్‌రూమ్‌లో తొట్టి ఉంది, మొదటిరోజే చూశాను, చెప్పలేదు అని. ఎందుకు చెప్పలేదంది. చవకని అన్నాను. అబద్ధం సగమే చెప్పగలిగాను, ముఖం కిందికి దించుకున్నాను.

మర్యమ్ తిడుతుందనుకున్నా. లాప్‌టాప్ తెరిచింది. మార్చుకోవడానికి గడువు ఇంకా ఉంది. యూనివర్సిటీకి అవతలి వైపు ఇంకో సూట్ హోటల్ ఉంది. కొంచెం ఎక్కువ, కానీ తొట్టి లేదు, గోడకి పట్టుకునే కడ్డీ ఉంది, పొయ్యిలు కొత్తవి. రద్దు చేసేటప్పుడు తన వేలు బటన్ మీద ఆగింది. హబూబా నీతో కూడా ఏమైనా అంటోందా అని అడిగింది, తెర మీంచి చూపు తిప్పకుండా.

‘కూడా’ అంది.

అవునన్నాను. ఏమంటోందో నేను చెప్పలేదు. తనతో ఏమందో తనూ చెప్పలేదు. బటన్ నొక్కింది.

మే 16

రెడ్డెమ్మకి హోటల్ మారిందని పంపాను. అవకాశం తప్పిపోయిందని ఊరుకుంటుందనుకున్నాను... ఏమో, ఊరుకోకూడదనే పంపానేమో.

వెంటనే వచ్చింది. "యాడికి మారితే ఏముండాదిలే అక్కా. రెండు గంటలైనా వచ్చా. హోటల్ పేరు పెట్టు సాలు."

కొత్త హోటల్ ఫొటోలో హాలుకీ పడకగదికీ మధ్య ఒక చిన్న గదిలాంటిది ఉంది. అందులో ఒంటి మంచం. తలుపు కూడా ఉన్నట్టుంది, ఫొటోలో సగమే కనిపిస్తుంది. మర్యమ్ దాన్ని వేలితో చూపించి, ఇది నీకు అంది. నేను అడగలేదు.

మే 18

పేరు టైప్ చేశాను. పంపలేదు. తుడిపేయనూ లేదు.

మే 22

మధ్యాహ్నం. అందరూ బంధువుల ఇంటికి వెళ్లారు. ఇంట్లో మేమిద్దరమే.

అడగకుండా ఉండలేకపోయాను. మర్యమ్ పంపిన కొత్త గది ఫొటోలు ఫోన్‌లో తీసి, ఆ పొర కమ్మిన కళ్ల ముందు పెట్టాను. వెర్రిపని అని తెలుసు. హబూబా, ఈ గదిలో ఏముందో చెప్పు అన్నాను.

తల అటూ ఇటూ తిప్పింది. ఎవరి ఇంటికో వచ్చి గుమ్మం దగ్గర ఆగినట్టు ముక్కుతో గాలి పీల్చింది. చాలాసేపు.

"ఇది నేను చూడలేదు" అంది.

గుండె తేలికైంది. ఆ వెంటనే ఇంకో ఆలోచన. చూడలేదంటే అది జరగదనా? లేక ఆ గది దాకా ఆమె రాదనా? ప్రయాణానికి ఇంకా మూడు వారాలున్నాయి. ఆయాసం ఈ వారం ఎక్కువైంది. అడిగాను — చూడలేదంటే ఏంటి హబూబా, మనం వెళ్లమా? ఆమె నా చెయ్యి కోసం తడిమి పట్టుకుంది.

"చీకటిగా ఉంది బింతీ. నువ్వు ముందు లోపలికెళ్లి, చూసి చెప్పు."

సరేనన్నాను.

కళ్లు మూసుకుంది. ఊపిరి ఆడుతోంది, ఛాతీ మీదే చూపు పెట్టుకుని ఉన్నా. ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. రెడ్డెమ్మే అయ్యుంటుంది. తీయలేదు — కుడిచెయ్యి ఆమె పట్టులోనే ఉంది, నిద్రలో కూడా వదలడం లేదు. ఇదంతా ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు నావిలా లేవు.