నూట పన్నెండో పేజీ

అలిగి వెళ్లిన మనవరాలికి ఆశీస్సులు.

నువ్వు హాస్టలుకు వెళ్లి ఇరవై మూడు రోజులైంది. ఆ వేరే మతం పుస్తకాన్ని నీ చేతిలోంచి లాక్కున్నది నేనే. "చదివితే చిరిగిపోయేంత పల్చనిదా అమ్మమ్మా, నీ నమ్మకం?" అన్నావు.

ఆ పుస్తకంలో తప్పులు పట్టి నీకు పంపుదామని ఎర్ర పెన్సిలుతో కూర్చున్నాను. నూట పదకొండో పేజీ దాకా గీతలు పెట్టాను. నూట పన్నెండో పేజీలో ఒక ముసలామె, మాట్లాడే మనిషి లేక, కూరలో ఉప్పు ఎక్కువైందని తన దేవుడికి చెప్పుకుంటుంది. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే. ఆ తర్వాత గీతలు లేవు.

నా దేవుడు ఎక్కడికీ పోలేదు. ఉదయం ఐదింటికే దణ్ణం పెట్టుకుంటున్నాను. నీకు మంచి బుద్ధి ఇవ్వమని అడగడం మాత్రం మానేశాను. నిన్ను ఆదివారం ఇంటికి పంపమంటున్నాను.

ఆయన చెప్పేదాకా ఆగకు.

అమ్మమ్మ